ఏడువందల యాభై రూపాయల ఇల్లు

(మన సంఘం వార్షిక సమావేశంలో ఒక సభ్యుడు చేసిన ప్రసంగ పాఠం)



నాకంటే ముందు మాట్లాడినవారు రక్తపోటు గురించీ, కమ్యుటేషన్ గురించీ చక్కగా చెప్పారు. నాకు అప్పగించిన విషయం ‘తీరిక వేళల్లో చేతిపని’. నేను సలహాలు చెప్పగల పండితుణ్ణి కాను. కిందటి వేసవిలో నేను కట్టిన ఒక ఇంటి సంగతి మాత్రం చెబుతాను.

ఇల్లు అనగానే నన్ను ఎరిగినవారు నవ్వుతున్నారు. 33 ఏళ్లు ఇంజనీరింగు శాఖలో డ్రాఫ్ట్స్‌మన్‌గా పనిచేశాను. ఊరూరా కట్టిన క్వార్టర్ల ప్లాన్లు గీశాను. సొంత ఇల్లు మాత్రం కట్టుకోలేదు. రిటైరైనప్పుడు వచ్చిన సొమ్ము అమ్మాయి పెళ్లి బాకీకీ, మా ఇంటావిడ ఆపరేషన్‌కూ సరిపోయింది. ఇప్పటికీ విజయవాడలో రెండు గదుల అద్దె వాటాలోనే ఉంటున్నాం.

వేసవి సెలవులకు మా అమ్మాయి కూతురు వచ్చింది. ఆరేళ్ల పిల్ల. బజారులో ఒక చెక్క బొమ్మరిల్లు చూసి అక్కడే నిలబడిపోయింది. ధర అడిగాను. నా నెల పెన్షన్‌లో నాలుగోవంతు పైమాటే. పిల్ల చెయ్యి పట్టుకుని బయటికి వచ్చేశాను. అది ఏడవలేదు. దారిలో మాత్రం, “తాతయ్యా, నువ్వు ఇళ్లు గీసేవాడివట కదా, నాకొకటి గియ్యవూ?” అంది. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. పొద్దున్నే పాత డ్రాయింగు బోర్డు దుమ్ము దులిపాను.

బొమ్మరిల్లంటే ఆషామాషీ కాదండీ. న్యూఢిల్లీలో రాష్ట్రపతి భవన్‌కు ప్లాను గీసిన లుటియెన్స్ దొరగారే, ఇంగ్లండు రాణి మేరీ కోసం ఒక బొమ్మరిల్లు కూడా గీశారు. 1921లో మొదలుపెట్టి 1924లో పూర్తిచేశారు. అందులో దీపాలు వెలుగుతాయి, కొళాయిల్లో నీళ్లు వస్తాయి, లిఫ్టులు నడుస్తాయి. ఇప్పటికీ విండ్సర్ కోటలో ఉంది. ఆ ఇంటి కొలత అడుగుకు అంగుళం. నేనూ అదే కొలత తీసుకున్నాను. ఆయనకూ నాకూ ఉన్న పోలిక అంతవరకే!

అడుగుకు అంగుళం అంటే ఆరడుగుల మనిషికి ఆరంగుళాల బొమ్మ. ఇంట్లో ఉన్న బొమ్మలను ముందు కొలిచి ఆ తర్వాత ఇల్లు కొలవాలి. బార్బీ బొమ్మ పదకొండున్నర అంగుళాలుంటుంది. దానికి ఈ ఇల్లు చాలదు, రెట్టింపు కావాలి. మా పిల్ల దగ్గర ఉన్నవి అయిదారు అంగుళాల బొమ్మలు కాబట్టి సరిపోయింది.

నేను మొదట గీసిన ప్లాను నాలుగువైపులా గోడలతో, తలుపులు కిటికీలతో దివ్యంగా వచ్చింది. మా ఇంటావిడ చూసి, “పిల్ల చెయ్యి లోపలికి ఎలా పోతుందండీ?” అని అడిగింది. 33 ఏళ్ల సర్వీసు ఆ ఒక్క ప్రశ్నతో ఎగిరిపోయింది. ముందుగోడ తీసేశాను. లోతు 10 అంగుళాలకు తగ్గించాను. మరీ లోతుంటే వెనుకగోడ దాకా పిల్లల చెయ్యి అందదు.

చెక్క కొత్తగా కొననక్కరలేదు. వడ్రంగి దుకాణంలో కోసి పారేసిన ప్లైవుడ్ ముక్కలు కారుచౌకగా ఇస్తారు. పక్కగోడలకూ, అంతస్తులకూ 9 మిల్లీమీటర్ల ముక్కలు, అడ్డగోడలకు 6 మిల్లీమీటర్లవి తీసుకున్నాను. పార్సిలు పెట్టెల చెక్క వాడదలచినవారు దానిమీద ముద్ర చూడండి. ‘హెచ్.టి.’ అని ఉంటే వేడితో పురుగు చంపిన చెక్క. ‘ఎం.బి.’ అని ఉంటే మిథైల్ బ్రోమైడ్ అనే విషవాయువు పట్టించినది. అది పిల్లల వస్తువులకు వద్దు.

పక్కగోడలు రెండు, ఎత్తు 18 అంగుళాలు. వాటి మధ్య అడుగు, నడిమి అంతస్తు, పై చప్టా మూడూ 24 అంగుళాల పొడవు. ఫెవికాల్ రాసి, సన్నమేకులు కొట్టి, తాడుతో బిగించి రాత్రంతా వదిలేయాలి. ఆరకముందే మూల నుంచి మూలకు రెండు కర్ణాలూ కొలవండి. రెండూ సమానమైతే పెట్టె మూలమట్టానికి ఉన్నట్టు. తేడా ఉంటే అప్పుడే చేత్తో నొక్కి సరిచేయవచ్చు. తెల్లారితే కుదరదు. అడ్డగోడలు మాత్రం ముందుగా కోయవద్దు. పెట్టె బిగిశాక లోపలి కొలత తీసి కోస్తేనే సరిగ్గా కూర్చుంటాయి.

సందులు పూడ్చడానికి కొండపల్లి పనివారి పద్ధతి గుర్తొచ్చింది. వారు తెల్లపొణికి చెక్కను వేడిమీద ఆరబెట్టి, కాళ్లూ చేతులూ విడిగా చెక్కి, చింతపిక్కల పొడి, రంపపు పొట్టు కలిపిన మక్కుతో అతుకుతారు. నేను చింతపిక్కల బదులు ఫెవికాల్‌లో రంపపు పొట్టు కలిపి పూశాను. ఆరాక సాండ్‌పేపరు పట్టాను. పిల్లల చెయ్యి తగిలే ప్రతి అంచూ మన చెయ్యి తిప్పి చూసుకోవాలి.

ఇక నేను చేసిన తప్పు చెప్పాలి. చిన్నప్పటి మా పెంకుటిల్లు గుర్తుగా, పైన రెండు వాలుల కప్పు వేశాను. దానికి ఎర్రరంగు కావాలి. అటకమీద సైకిలుకు వేయగా మిగిలిన ఎనామిల్ డబ్బా ఉంది. పైన మీగడ కట్టినా అడుగున బాగానే ఉంది. డబ్బు మిగిలిందని సంబరపడి రెండు పూతలు వేశాను. ఇల్లు కళకళలాడింది.

పిల్లను తీసుకెళ్లడానికి అమ్మాయి వచ్చింది. కాలేజీలో కెమిస్ట్రీ చెబుతుంది. ఇల్లు చూసి మురిసిపోతుందనుకున్నాను. “నాన్నా, ఆ రంగు డబ్బా ఎప్పటిది?” అంది. “2010 ప్రాంతంలో కొన్నది” అన్నాను. దాని ముఖం మారిపోయింది. ఇళ్లకు వేసే రంగుల్లో సీసం పది లక్షల పాళ్లలో 90 పాళ్లకు మించరాదని కేంద్ర ప్రభుత్వం 2016లో నియమం చేసింది. అది అమలైంది 2017 నవంబరు నుంచి. అంతకుముందు డబ్బాల్లో ఎంత ఉందో చూసి చెప్పలేం. సీసం కొద్దిగా ఒంట్లోకి పోయినా పసిపిల్లల మెదడు ఎదుగుదలకు చేటు. రెండేళ్ల మనవడు దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటాడు.

నాకు అభిమానం వచ్చింది. ఆ పూటంతా ఎవరితోనూ మాట్లాడలేదు. సాండ్‌పేపరుతో గీకేద్దామంటే, ఆ పొడి ఇంకా ప్రమాదమంది అమ్మాయి. కాల్చకూడదంది, పొగలోనూ సీసం ఉంటుందట. చివరికి నేనే కప్పు మేకులు ఊడదీసి, కవరులో చుట్టి కట్టేసి, పిల్లలకు అందకుండా అవతల పెట్టాను. కొత్త ముక్కలు తెచ్చి, సీసం కలపలేదని డబ్బామీద రాసి ఉన్న నీటిరంగు వేశాను. మీ అటకలమీద కూడా అలాంటి డబ్బాలు ఉంటాయి. దయచేసి పిల్లల వస్తువులకు వాడకండి. నేను ఈ వేదిక ఎక్కడానికి ముఖ్య కారణం ఇదే.

సామాన్లకు ఖర్చు లేదు. అగ్గిపెట్టెలు అతికితే సొరుగుల బీరువా, ఐస్‌క్రీము పుల్లలతో మంచం, జాకెట్టు ముక్కలతో కర్టెన్లు. పాత శుభలేఖలు గోడలకు అంటించాం. మూడేళ్లలోపు పిల్లలున్న ఇంట్లో మాత్రం ఈ చిన్న సామాన్లు మింగకుండా ఎత్తుగా దాచాలి.

ఖర్చు వివరం: ప్లైవుడ్ ముక్కలు 180, కోతకూలి 100, ఫెవికాల్ 90, సాండ్‌పేపరు 60, మేకులు 20, రంగులు 160, కుంచె 30. వెరసి 640 రూపాయలు. నా తెలివితక్కువతనానికి మరో 110. మొత్తం 750.

గృహప్రవేశం పిల్ల చేసింది. నేను కింద హాలు, వంటిల్లు, పైన పడకగదులు అని గీశాను. అది వంటిల్లు పైకి మార్చేసింది. కింద పెద్దగదిలో మంచం వేసి ముసలి బొమ్మలు రెండింటిని పడుకోబెట్టింది. “ఇదేమిటే?” అంటే, “అమ్మమ్మకు మోకాళ్ల నొప్పులు కదా, మెట్లెక్కలేదు. ఇది మీ గది” అంది. అన్ని ప్లాన్లు గీశాను గాని, పెద్దవాళ్లు మెట్లెక్కలేరన్న సంగతి నాకెప్పుడూ తోచలేదండీ.

ఎవరికైనా ఆసక్తి ఉంటే నా రంపం, మూలమట్టం మన సంఘం కార్యాలయంలో ఉంచుతాను. వచ్చే సంక్రాంతిలోగా నలుగురం కూర్చుని మన వీధి అంగన్‌వాడీకి ఒక ఇల్లు కట్టి ఇద్దాం.