ఫోనులో వచ్చే వార్తలు – మా గ్రామ సంఘం అనుభవం

(మండల సమాఖ్య సర్వసభ్య సమావేశంలో ఒక గ్రామ సంఘం తరఫున చదివిన ప్రసంగ పాఠం)



ఏటా ఇక్కడ నిలబడి పొదుపు ఇంత, అప్పు ఇంత, వసూలు ఇంత అని చదివి దిగిపోతాం. ఈసారి ఆ లెక్కలు పుస్తకం వెనక పట్టికలో ఉన్నాయి, చూసుకోండి. మాకిచ్చిన పది నిమిషాలు వేరే సంగతికి అడిగి తీసుకున్నాం. ఈ ఏడు మా ఊళ్లో రెండు నెలలు కంతులు సరిగా కట్టలేదు. పంట బాగానే ఉంది, పాల డబ్బులూ వేళకే వచ్చాయి. కట్టకపోవడానికి కారణం ఫోనులో చూసిన ఒక వీడియో.

ఆ సంగతికి ముందు ఒక మాట. మన ఊళ్లల్లో వార్త వినే పద్ధతే మారిపోయింది. మన అమ్మల కాలంలో వార్త అంటే రచ్చబండ దగ్గరి రేడియో, లేకపోతే టీ కొట్టు మీది పేపరు. రెండూ మగవాళ్ల చోట్లే. ఇంటికొచ్చి ఆయన చెప్తే మనకు తెలిసేది, చెప్పకపోతే లేదు. తర్వాత టీవీ వచ్చింది, సీరియల్ అయినాక వార్తలు. 2016లో జియో వచ్చి నెట్టు చవకయ్యాక ఫోను మన చేతికొచ్చింది. మొన్న సమావేశంలో "ఈ వారం పేపరు చూసిందెవరు?" అని అడిగితే చేతులు పెద్దగా లేవలేదు. "ఫోనులో వార్త చూసిందెవరు?" అంటే అందరూ నవ్వారు.

దీన్ని తప్పుపట్టడానికి రాలేదు మేము. మా సంఘంలో చదువురాని పెద్దమ్మ ఒకామె ఉంది. ఆమె ఫోనులో నోటితో అడిగి మదనపల్లె మార్కెట్టులో టమాట ధర వింటుంది. 2023 జూలైలో కిలో వంద దాటినప్పుడు ఇంటికొచ్చిన వ్యాపారి తక్కువకు అడిగితే, "ధర మాకూ తెలుసులే నాయనా" అని పంపించేసింది. పేపరు ఆమెకు ఎన్నడూ చెప్పని మాట ఫోను చెప్పింది. ఆ సంతోషం మాకుంది.

కానీ ఇప్పుడు వార్త కోసం మనం పోవడం లేదు, అదే మన దగ్గరికొస్తోంది. ముగ్గుల వీడియో, సీరియల్ ముక్క, ఎవరిదో పెళ్లి, వాటి నడుమ ఒక వార్త. పొయ్యి మీద కూర ఉడుకుతుంటే సగం చూస్తాం, మిగతా సగం తోసేస్తాం. ఎవరి ఫోను వాళ్లది, ఎవరి చెవిలో తీగ వాళ్లది. పక్కింటామెకు ఏ వార్త వచ్చిందో మనకు తెలియదు. ఏ పత్రిక చెప్పింది అని అడిగేవాళ్లం ఒకప్పుడు. ఇప్పుడు "వదిన పంపింది" అంటే చాలు, నమ్మేస్తాం.

ఇక ఆ వీడియో. బొమ్మ మీద పెద్ద అక్షరాలు: "డ్వాక్రా మహిళలకు శుభవార్త, అప్పులన్నీ మాఫీ". పక్కన నోట్ల కట్టలు. ఊరంతా నమ్మిందంటే ఊరికే కాదు. 2014 ఎన్నికలప్పుడు మాఫీ మాట విన్నాం. తర్వాత 2019 ఏప్రిల్ 11 నాటికి ఉన్న బ్యాంకు అప్పును ఆసరా కింద నాలుగు విడతల్లో ఇచ్చారు, మొదటి విడత 2020 సెప్టెంబరులో పడింది. ఒకసారి జరిగింది కాబట్టి మళ్లీ జరుగుతుందని మనసు ఒప్పుకుంది. "పోయేదానికి ఎందుకు కట్టాల?" అని ఒక సంఘం ఆపింది, దాన్ని చూసి ఇంకో సంఘం.

ఇక్కడ ఒక నిజం దాచకుండా చెప్పాలి. ఆ వీడియోను మా గ్రామ సంఘం గ్రూపులో పెట్టింది బయటివాళ్లు కాదు, మేమే. లీడర్లమే. చివరిదాకా చూడకుండానే పెట్టాం. లీడరు పెట్టింది కదా అని మిగతావాళ్లు నమ్మారు.

బ్యాంకు నుంచి ఫోన్లు మొదలయ్యాక కళ్లు తెరిచాం. అందరం చాప మీద కూర్చుని, ఫోను నడుమ పెట్టి, ఆ వీడియోను మొదటినుంచి చివరిదాకా విన్నాం. ముప్పావు భాగం అయినాక అతను మెల్లగా అంటాడు, "ప్రభుత్వం నిర్ణయం తీసుకుంటే మాఫీ అయ్యే అవకాశం ఉంది" అని. అంతే సంగతి. ఒక చెల్లెలు వీడియో కింద తేదీ చూసి "అక్కా, ఇది పాతది" అంది. కాసేపు ఎవరూ మాట్లాడలేదు.

ఆగిన రెండు కంతులు, మూడో కంతు, పైన వడ్డీ, అన్నీ ఒకేసారి కట్టాల్సి వచ్చింది. ఒకామె మేకపిల్లల్ని అమ్మింది. ఇంకొకామె చెవి కమ్మలు కుదువ పెట్టింది. వేళకు కట్టిన సంఘాలకే వడ్డీ రాయితీ అని మనకందరికీ తెలుసు. ఆ నష్టం వీడియో తీసినవాడికి లేదు. ఎక్కువమంది చూస్తే అతనికి ప్రకటనల డబ్బు వస్తుంది, అందుకే బొమ్మ మీద ఒక మాట, లోపల ఇంకో మాట. మనం ఒకటి చూస్తే ఫోను అలాంటివే ఇంకో పది తెచ్చి పెడుతుంది. పది చోట్ల చూశాం కాబట్టి నిజమే అనుకుంటాం. మాకూ అట్లే అయింది.

డబ్బు పోవడం ఒకెత్తు. 2018లో పిల్లల్ని ఎత్తుకుపోయే ముఠాలొచ్చాయని వాట్సాప్‌లో పుకారు లేచి మన రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమాయకుల్ని కొట్టి చంపారు. ఆ ఏడాదే వాట్సాప్ ఒకసారికి ఐదు చాట్‌లకు మించి పంపనీయకుండా కట్టడి పెట్టింది. చాలా చేతులు మారి వచ్చిన దాని మీద రెండు బాణాల గుర్తు ఉంటుంది, గమనించండి. ఈమధ్య లేని మనిషి ముఖాన్ని, గొంతును కంప్యూటరే తయారు చేస్తోంది. వార్తలు చదివే అమ్మాయి నిజమో కాదో కంటితో తేల్చడం మా వల్ల కావట్లేదు.

ఇదంతా తలుచుకుంటే మాకు దూబగుంట గుర్తొస్తుంది. నెల్లూరు జిల్లాలో ఆ ఊరి ఆడవాళ్లు అక్షరాస్యత తరగతిలో సారా మీద పాఠం కలిసి చదివారు, కలిసి మాట్లాడుకున్నారు, సారా కొట్టు మూయించారు. పత్రికలు రాశాయి, ఊరూరికీ పాకింది, 1993లో రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. 2001లో మన చిత్తూరు జిల్లా పొదుపు మహిళలే విలేకరులై 'నవోదయం' పత్రిక నడిపారు. వాళ్ల దగ్గర ఫోన్లు లేవు. ఒక మాటను పదిమంది కూర్చుని వినే అలవాటు ఉంది. మన దగ్గర ఫోను ఉంది, ఆ అలవాటే జారిపోతోంది.

అందుకని మేము ఒక తీర్మానం రాసుకున్నాం. పొదుపు వసూలయ్యాక పావుగంట "ఈ నెల ఫోను వార్తలు". ఎవరికి ఏం వచ్చిందో చదవాలి, లేదా వినిపించాలి. డబ్బుకు, పథకానికి, ఆరోగ్యానికి సంబంధించినదైతే చివరిదాకా వినాలి, తేదీ చూడాలి, జీవో ఉందా అని బ్యాంకులోనో సమాఖ్య ఆఫీసులోనో అడిగి మినిట్స్ పుస్తకంలో రాయాలి. అంతవరకు కంతు ఆపకూడదు. లింకు నొక్కి ఆధార్, ఓటీపీ ఇవ్వమంటే అసలు ఇవ్వకూడదు. మోసపోతే వెంటనే 1930కి ఫోను చేయాలి.

మొదట్లో కొందరు నసిగారు. "పొద్దుపోతాంది, ఇంటికాడ పనుండాది" అన్నారు. ఇప్పుడు ఆ పావుగంట అరగంట అవుతోంది. పోయిన నెల మా పెద్దమ్మే తన ఫోను తెచ్చి, "దీనికి రెండు బాణాలుండాయి, ఏందో చూడండమ్మా" అంది. ఉచితంగా కుట్టుమిషన్లు ఇస్తారట, ముందు ఐదు వందలు కట్టాలట. మినిట్స్ పుస్తకంలో దాని ఎదురుగా "అబద్ధం" అని రాశాం. ఆమె కింద వేలిముద్ర వేసింది.