చేతికందిన సొమ్ము, ఇంట్లో వచ్చిన మార్పు

(మండల సమాఖ్య వార్షిక మహాజన సభలో పాలకవర్గం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఈ ఏటి జమాఖర్చులు, రికవరీ లెక్కలు కోశాధికారి గారు ఇప్పుడే చదివి వినిపించారు. మేము ఇంకో లెక్క మాట్లాడదామనుకున్నాం. ప్రభుత్వం నుంచి నేరుగా మన చేతికో, ఖాతాలోకో వస్తున్న సొమ్ము మన ఇళ్ళల్లో ఏం మార్చింది, ఏం మార్చలేదు, ఆ సొమ్ము విషయంలో మన సంఘాలు ఎలా నడుచుకోవాలి అన్నదే ఆ లెక్క. చివర్లో ఒక తీర్మానం మీ ముందు పెడతాం. ఇది ఏ పార్టీ సంగతీ కాదు. ప్రభుత్వాలు మారాయి, పథకాల పేర్లు మారాయి, మన ఇళ్ళ కష్టసుఖాలు మాత్రం అవే.

ఒక ఇంటిని ఊహించుకుందాం. మన ప్రతి ఊళ్ళోనూ ఇలాంటివి ఉన్నాయి. భార్యాభర్త, బడికెళ్ళే ఇద్దరు పిల్లలు, వితంతువైన అత్తమ్మ. రెండెకరాల మెట్ట, మిగతా రోజులు కూలి. అత్తమ్మకు పింఛను నెలకు 4,000, అంటే ఏడాదికి 48,000. తల్లికి వందనం బిడ్డకు 15,000. అందులో బడి అవసరాలకు 2,000 పోగా తల్లి ఖాతాలో పడేది 13,000, ఇద్దరికీ 26,000. పొలానికి పీఎం కిసాన్ 6,000, అన్నదాత సుఖీభవ 14,000 కలిపి మూడు విడతల్లో 20,000. మొత్తం 94,000 రూపాయలు.

కాగితం మీద అంతా ఒకటే సొమ్ము. ఇంట్లో మాత్రం ఒక్కోటి ఒక్కోలా పనిచేస్తుంది. ఎప్పుడు వచ్చింది, ఎవరి చేతికి వచ్చింది, మధ్యలో ఎవరైనా కోశారా అన్నదాన్ని బట్టి దాని విలువ మారిపోతుంది.

ముందు నెలనెలా వచ్చే సొమ్ము సంగతి. 2014లో మన రాష్ట్రంలో వృద్ధాప్య పింఛను 200 నుంచి 1,000 అయింది. మెల్లమెల్లగా పెరుగుతూ 2024లో 4,000కు చేరింది. 200 వచ్చే రోజుల్లో అది పెద్దామెకు వక్కాకు ఖర్చు. ఇప్పుడు అది ఇంటి పాలు, కూరగాయలు, బీపీ మాత్రలు. ఒకటో తారీఖున వస్తుందని తెలిసిన సొమ్ము, రాకముందే పనిచేయడం మొదలుపెడుతుంది. ఇరవై ఐదో తారీఖున కొట్టుకు వెళ్తే శెట్టి గారు మొహం చిట్లించకుండా పప్పు, నూనె ఇస్తాడు, ఎందుకంటే ఆయనకూ ఒకటో తారీఖు తెలుసు. మాత్రలు అయిపోతే రోజు మార్చి రోజు వేసుకునే బాధ తప్పింది.

ఇంకో మార్పు లెక్కల్లో కనపడదు. ఒకప్పుడు అత్తమ్మ మందుల చీటీ కొడుకు జేబులో నలిగి నలిగి చిరిగిపోయేది. "రేపు తెస్తాలే" అనేవాడు. వాడు చెడ్డవాడు కాదు, చేతిలో డబ్బుండేది కాదు. ఇప్పుడు ఆమే మనవడికి యాభై ఇచ్చి తెప్పించుకుంటోంది. ఇంట్లో ఆమె మాటకు మళ్ళీ బరువొచ్చింది. పండక్కి కూతురొస్తే చీర పెట్టగలుగుతోంది.

ఏడాదికోసారి వచ్చే సొమ్ము తీరు వేరు. జూన్ నెల మనందరికీ తెలిసిందే. బళ్ళు తెరిచేది అప్పుడే, విత్తనాలు కొనేది అప్పుడే. ఆ నెలలో 10,000 మూడు రూపాయల వడ్డీకి తెచ్చి సంక్రాంతికి తీర్చితే ఏడు నెలలకు వడ్డీయే 2,100. పిల్లల సొమ్ము సమయానికి పడితే ఆ అప్పు తేవక్కర్లేదు, ఆ 2,100 ఇంట్లోనే మిగులుతుంది. అదే సొమ్ము రెండు నెలలు ఆలస్యమైతే అప్పు అప్పటికే చేసేసి ఉంటాం. వచ్చింది వచ్చినట్టు అప్పులోడికి పోతుంది. మొత్తం తగ్గలేదు, కానీ దాని సత్తువ సగమైపోయింది.

అప్పు తేకపోవడం వల్ల కలిగే లాభం వడ్డీతోనే ఆగదు. ఎరువుల కొట్టులో బాకీ ఉన్న రైతు పంటను ఆ కొట్టాయనకే, ఆయన చెప్పిన ధరకే కళ్ళంలో తూచి ఇవ్వాలి. బాకీ లేని రైతు రెండు వారాలు ఆగి చూడగలడు. ఇటుక బట్టీ మేస్త్రి దగ్గర అడ్వాన్సు తీసుకున్న కుటుంబం పిల్లల్ని బడి మాన్పించి వెంట తీసుకెళ్ళాలి. అడ్వాన్సు తీసుకోని కుటుంబం "ఈ ఏడు రాములే" అనగలదు. పేదింటికి డబ్బు ఇచ్చే పెద్ద బలం ఇదే: "ఇప్పుడు కాదు", "ఆ ధరకు కాదు" అని చెప్పగలగడం.

"ఊరికే డబ్బులిస్తే సోమరులవుతారు, మగవాళ్ళు తాగేస్తారు" అనే మాట మనం రోజూ వింటాం. దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. ఇలా భట్ గారు 1972లో అహమ్మదాబాద్‌లో స్థాపించిన 'సేవ' అనే స్వయం ఉపాధి మహిళల సంఘం, యునిసెఫ్ సాయంతో 2011లో మధ్యప్రదేశ్‌లోని ఎనిమిది ఊళ్ళల్లో అందరికీ నెలనెలా డబ్బు ఇచ్చింది. పెద్దవాళ్ళకు 200, పిల్లలకు 100. తర్వాత వాటిని 300, 150 చేసింది. దేనికి ఖర్చుపెట్టాలనే షరతు లేదు. ఎవరి సొమ్ము వాళ్ళ పేరునే, పిల్లల సొమ్ము తల్లి పేరున. దాదాపు ఏడాదిన్నర నడిపి, డబ్బు ఇవ్వని ఊళ్ళతో పోల్చి చూశారు. జనం పని మానలేదు. కూలికి తోడు సొంత సేద్యం, మేకలు, కోళ్ళు పెరిగాయి. పిల్లల బరువు మెరుగైంది, ఆడపిల్లల్లో ఆ మార్పు బాగా కనిపించింది. తాగుడు పెరిగిన దాఖలా దొరకలేదు. ఆ అనుభవాన్ని పుస్తకంగా రాసిన నలుగురిలో హైదరాబాద్‌కు చెందిన శరత్ దావల ఒకరు. 200 రూపాయలే అంత మార్పు తెచ్చాయంటే, అవి ప్రతి నెలా రావడం, ఎవరి చేతికి వాళ్ళకే అందడం అందుకు ముఖ్యమైన కారణాలని మేము అనుకుంటున్నాం.

అలాగని డబ్బుతో అన్నీ అయిపోవు. తల్లి ఖాతాలో 13,000 పడినంత మాత్రాన బడికి లెక్కల మాస్టారు రారు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరు లేకపోతే ఆ డబ్బు టౌనులో ప్రైవేటు ఆసుపత్రికి పోతుంది. రేషన్ బియ్యం, అంగన్‌వాడీ గుడ్డు, ఉపాధి పని ఉన్నాయి కాబట్టే ఈ సొమ్ము నిలుస్తోంది. డబ్బు ఇచ్చాం కదా అని వాటిని తగ్గిస్తే ఊరుకోకూడదు.

రాని వాళ్ళూ మన మధ్యనే ఉన్నారు. పీఎం కిసాన్ భూమి ఎవరి పేరున ఉంటే వాళ్ళకే. కౌలు చేసే అక్కకు రాదు. కౌలు గుర్తింపు కార్డు కావాలంటే భూమి యజమాని సంతకం పెట్టాలి, ఆయన పెట్టడు. పని చేసి చేసి అరిగిపోయిన వేళ్ళకు వేలిముద్ర పడదు. భర్త మరణ ధ్రువీకరణ పత్రం లేక వితంతు పింఛనుకు దరఖాస్తే పెట్టని వాళ్ళున్నారు.

ఇప్పుడు అసలు సంగతి. మన సభ్యురాలు ఒకామె పిల్లల సొమ్ము తీసుకుందామని బ్యాంకుకు వెళ్తే, సంఘం అప్పు బాకీ ఉందని ఖాతా ఆపేశామన్నారు. అప్పు పదిమందిది, ఆపింది ఒకామె ఖాతా. ఏ బ్యాంకన్నది ఇక్కడ అనవసరం. పాలకవర్గం నుంచి నలుగురం వెళ్ళి మేనేజరు గారితో మాట్లాడి విడిపించాం. ఈలోగా పన్నెండు రోజులు గడిచాయి, బడి తెరిచారు, ఆమె వడ్డీకి తెచ్చి పుస్తకాలు కొంది. పిల్లల చదువుకని వచ్చిన సొమ్ము ఇంకో అప్పుకు దారితీసింది.

బ్యాంకును అనే ముందు మన ఇల్లూ చూసుకోవాలి. కొన్ని సంఘాల్లో పింఛను ఇచ్చే రోజు పొద్దున్నే కంతు కోసం గుమ్మం ముందు కూర్చునే అలవాటు ఉంది. పాసు పుస్తకాలు, ఏటీఎం కార్డులు ఒకరి దగ్గరే పోగేసి పెట్టుకునే అలవాటూ ఉంది. కంతు కట్టాల్సిందే. అది మనందరి సొమ్ము, పంచ సూత్రాల్లో సకాలంలో చెల్లింపు కూడా ఒకటి. కానీ సొమ్ము ముందు సభ్యురాలి చేతికి రావాలి. మందులకెంత, కంతుకెంత అని లెక్క వేసుకోవాల్సింది ఆమె. కట్టలేకపోతే సమావేశంలో చెప్పాలి, వాయిదా మార్చుకోవాలి, మినిట్స్‌లో రాయాలి. ముందే కోసేస్తే ఆ నెల ఆమె బయట వడ్డీకి వెళ్తుంది. మన రికవరీ నూటికి నూరు అని రాసుకుంటాం, ఆమె మాత్రం మునిగిపోతుంది.

అందుకే ఈ తీర్మానం:

1. పింఛను, పిల్లల సొమ్ము, గర్భిణికి వచ్చే సొమ్ము ఏదైనా సభ్యురాలి చేతికి చేరకముందు కంతు కింద ఎవరూ పట్టుకోకూడదు. పాసు పుస్తకం, కార్డు, పిన్ నంబరు ఎవరివి వాళ్ళ దగ్గరే ఉండాలి.

2. సొమ్ము ఆలస్యమైన నెలలో మందులకు, బడి ఖర్చుకు సంఘం పొదుపు నుంచి చిన్న అప్పు ముందుగా ఇవ్వాలి.

3. ప్రతి గ్రామ సంఘం సమావేశంలో సొమ్ము రాని వాళ్ళ పేర్లు రాసి, కారణంతో సహా సచివాలయానికి అందజేయాలి. బ్యాంకు ఎవరి ఖాతా ఆపినా సమాఖ్యకు వెంటనే తెలపాలి.

ఇంటికి వెళ్ళాక ఒక పని చేయండి. ఆధార్ ద్వారా వచ్చే సొమ్ము, మనం చివరిగా ఏ బ్యాంకు ఖాతాకు ఆధార్ జతచేశామో అందులో పడుతుంది. "రాలేదు" అనుకున్న సొమ్ము మరిచిపోయిన పాత ఖాతాలో ఉండొచ్చు. సచివాలయంలోనో, బ్యాంకులోనో అడిగి తెలుసుకోండి. బ్యాంకు మిత్ర దగ్గర వేలు పెట్టిన ప్రతిసారీ రసీదు అడగండి. "పడలేదు, మళ్ళీ పెట్టు" అంటే ముందు ఖాతాలో ఎంత ఉందో చూడమనండి.

పొదుపు మొదలుపెట్టిన రోజుల్లో రోజుకో రూపాయి దాచి ఈ సమాఖ్యను నిలబెట్టుకున్నాం. రూపాయి విలువ మనకు ఒకరు చెప్పక్కర్లేదు. ఇప్పుడు ఇంటికొస్తున్న రూపాయి ఎవరి పేరున వచ్చిందో ఆమె చేతికే చేరేలా చూడటం మన సంఘం పని. తీర్మానానికి సమ్మతమైన వాళ్ళు చేతులెత్తండి. అభ్యంతరం ఉన్నవాళ్ళు లేచి చెప్పండి, అదీ రాసుకుంటాం.