42 గేట్ల లెక్క
నా పని కోడ్ రాయడం. మన మెండోర వాళ్లకు తెలిసిన పోచంపాడు డ్యాం మీదే చెప్తాను.

శ్రీరాంసాగర్‌కు 42 వరద గేట్లు. గంటగంటకూ ఒక్కో గేటు ఎంత నీరు వదిలిందో 50 ఏళ్లకు లెక్కిస్తే, కోటీ ఎనభై లక్షలకు పైగా లెక్కలు. పైథాన్ లూప్ ప్రతిసారీ 'ఇది ఏ రకం సంఖ్య' అని మళ్లీ చూస్తుంది. నమ్‌పైలో గంటకో అడ్డు వరుస, గేటుకో నిలువు వరుసగా మాత్రిక పేర్చి ఒకే సూత్రం రాస్తే, రకం ఒక్కసారే చూస్తుంది. ప్రాసెసర్ నాలుగేసి, ఎనిమిదేసి సంఖ్యలను కలిపి గుణిస్తుంది.

అలాగని లూపులన్నీ తీసేయమనే కుర్రాళ్లతో నేనొప్పుకోను. జరిగిపోయిన ఏళ్లకు నీటిమట్టాలు రాసి ఉన్నాయి, సరే. ఈ రాత్రి గోదావరికి వరదొస్తే? వచ్చే గంట మట్టం ఈ గంటలో వదిలిన నీటిని బట్టే ఉంటుంది. దిగువన ఊళ్లున్నాయి. గేట్లను కలిపేయండి, గంటల లూప్ మాత్రం ఉంచండి.