మాల తీసిన మరునాడు



మండలదీక్షలు ముగిసిన దినములలో ఒక సోదరి మా వద్దకు వచ్చి కన్నీటితో ఒక మాట అడిగినారు. "గురువుగారూ, 41 రోజులు మావారు ఒక్క చుక్క ముట్టలేదండీ. ఇరుముడితో కొండకు వెళ్ళి వచ్చి మాల తీశారు. ఆ రాత్రికే సీసా తెచ్చుకున్నారు. స్వామి దయ ఆ 41 రోజులకేనా?"

మేము వెంటనే సమాధానము చెప్పలేకపోయినాము. తాయెత్తు అడిగియుంటే సులభముగా కట్టి పంపియుండెడివారము!

దీక్షలోనున్న ఆ మనిషి చుట్టూ ఏమున్నదో ఆలోచించండి. తెల్లవారుజామున చన్నీటి స్నానము, సాయంకాలము భజన, నలుగురితో కలసి భిక్ష. నిన్నటివరకు "తాగుబోతు" అన్న వీధివారే "స్వామీ" అని పిలుచుచున్నారు. ఒకపూట భజనకు రాకపోతే గురుస్వామి కబురు పంపుచున్నారు. నియమము ఒక్కటే కాదు, నియమమును మోయుటకు పదిమంది భుజములు కూడ ఉన్నవి. మాల తీసిన నాడు ఆ పదిమంది ఎవరి ఇంటికి వారు వెళ్ళినారు. తాగుడు మాత్రము వెళ్ళలేదు. అది వ్యాధియని వైద్యులు చెప్పుచున్నారు. వ్యాధికి మండలము లెక్క తెలియదు కదా.

మరి మాల తీయనక్కరలేని సత్సంగము ఉన్నదా? ఉన్నది. దాని పుట్టుక మన దేశములో కాదు. 1935 మే మాసములో అమెరికాలోని ఏక్రన్ నగరమునకు బిల్ విల్సన్ అను వ్యాపారి వచ్చి, తలపెట్టిన పని చెడి, ఒంటరిగా హోటలులో నిలబడినాడు. అతడు త్రాగుడు మాని కొన్ని నెలలే అయినది. ఒక ప్రక్క బారు, అందులోని నవ్వులు; మరొక ప్రక్క టెలిఫోను. అతడు టెలిఫోను పట్టుకొని, తనవలె త్రాగుడుతో బాధపడువాడు ఈ ఊరిలో ఎవరైన ఉన్నారా అని వెదకినాడు. ఆ విధముగా డాక్టర్ రాబర్ట్ స్మిత్ అను శస్త్రవైద్యుడు కలిసినాడు. పావుగంటకన్న ఉండనని వచ్చిన ఆ వైద్యుడు గంటలకొలది కూర్చుండిపోయినాడు. ఉపదేశించువారిని ఆయన ఎందరినో చూచియున్నాడు. తన బాధను తానే పడినవానిని చూచుట అదే మొదలు. ఆయన కడసారి త్రాగిన 1935 జూన్ 10వ తేదీనే 'ఆల్కహాలిక్స్ అనానిమస్' జన్మదినముగా లెక్కించుచున్నారు.

ఇది మనకు క్రొత్త సంగతి కాదు. భారతము ఆదిపర్వములో శుక్రాచార్యులవారు, దానవులు కచుని భస్మము కలిపి ఇచ్చిన సురను త్రాగినారు. అంతటి తపస్వికే ఆ పాత్రలో ఏమున్నదో తెలియలేదు. కడుపులోని శిష్యునకు మృతసంజీవని నేర్పినారు. వాడు ఉదరము చీల్చుకొని వచ్చి, ఆ విద్యతోనే గురువును బ్రతికించినాడు. తాను ఇతరునకు ఇచ్చినదే తనను లేపినది. ఆ సమావేశములలో జరుగునది ఇదియే. పదేండ్లుగా మానినవాడు నిన్న మానినవానికి తన కథ చెప్పును. చెప్పుచు తాను నిలబడును.

అక్కడ రుసుము లేదు. ఇంటిపేరు అడుగరు. మానవలెనను కోరికయే అర్హత. మొదటిరోజు మాట్లాడక వినుచు కూర్చున్నను తప్పు లేదు. "ఈ ఒక్క దినము త్రాగను" అన్నంతవరకే సంకల్పము. జన్మంతటికి ఒట్టు పెట్టించరు. ఒట్లు ఎన్ని నిలిచినవో మీకు తెలియనిదా!

కొందరు, "అది చర్చి హాలులో జరుగునట" అని సంకోచించుచున్నారు. చోటు దొరికినచోట కూడుదురు: పాఠశాల కావచ్చును, ఆసుపత్రి గది కావచ్చును. ఆ సంఘము ఏ మతమునకు చెందదు. భగవంతుని ఎవరికి తెలిసిన రూపమున వారు తలచుకొనవచ్చును. మీరు మీ ఇష్టదైవమును తలచుకొనండి.

మన దేశములో ఈ సంఘము 1957 నుండి ఉన్నది. సమావేశము ఎక్కడ జరుగునో ప్రభుత్వ ఆసుపత్రి మానసిక వైద్య విభాగములో గాని, వ్యసన విముక్తి కేంద్రములో గాని విచారించండి. కేంద్రప్రభుత్వపు ఉచిత టెలిఫోను సంఖ్య 14446కు చేసియు సలహా పొందవచ్చును. ఒకచోట మనసు కుదరకపోతే మరొకచోటికి వెళ్ళండి. ఒక గుడిలో రద్దీగా నున్నదని దైవదర్శనమే మానుకొందుమా?

ఒక్క హెచ్చరిక. ఏండ్లతరబడి ప్రతిదినము త్రాగినవారు ఒక్కసారిగా మానినచో రెండు మూడు దినములలో వణుకు, మూర్ఛ, మతిభ్రమ కలిగి ప్రాణాపాయము రావచ్చును. దీక్ష పట్టువారైనను ముందు వైద్యుని చూడవలెను. అందులో అపచారము లేదు.

ఆ సోదరికి ఇదంతయు చెప్పితిమి. "ఆయన రారండీ" అన్నారు. అట్లయిన మీరే వెళ్ళండి అంటిమి. త్రాగువారి కుటుంబములకు అల్-అనాన్ అను వేరొక సంఘము 1951 నుండి ఉన్నది. ఆమె ఇప్పటికి నాలుగు వారములు వెళ్ళినారు. సీసాలు దాచుట, ఆఫీసువారికి జ్వరమని అబద్ధము చెప్పుట మానినారు. ఆయన ఇంకను వెళ్ళలేదు. మొన్న మాత్రము, "ఆ మగవాళ్ళ మీటింగు ఎన్నిగంటలకు?" అని అడిగినారట.