నల్లమడ నీళ్లు ఎటు పోతున్నాయి

 

వ్యవసాయం చదివి ఈ రోజు పట్టాలు అందుకుంటున్న వాళ్ల ముందు సముద్రం చదివిన మనిషిని నిలబెట్టారేమిటని మీలో కొందరైనా అనుకుంటూ ఉంటారు. చిలకలూరిపేట చుట్టుపక్కల నల్లరేగడి మీద పడిన వాన ఓగేరులోకి, కుప్పగంజి వాగులోకి దిగుతుంది. ఆ వాగులు నల్లమడలో కలుస్తాయి. నల్లమడ బాపట్ల వైపు పోయి బంగాళాఖాతంలో పడుతుంది. అటుపక్క కంభం చెరువును నింపి, అద్దంకి మీదుగా దిగే గుండ్లకమ్మ ఒంగోలుకు తూర్పున సముద్రం చేరుతుంది. మిరప చేలో చల్లిన యూరియాకూ, పత్తి మీద కొట్టిన మందుకూ ఈ దారి ఎప్పుడూ తెరిచే ఉంటుంది. ఎకరాకు ఎన్ని కట్టలు, ఏ మందు, ఎన్ని మిల్లీలీటర్లు అని రేపటి నుంచి చీటీ రాసేది మీరు. అందుకే వచ్చాను.

బంగాళాఖాతానిది విచిత్రమైన తీరు. గంగ, బ్రహ్మపుత్ర, గోదావరి, కృష్ణ తెచ్చి పోసే మంచినీళ్లు బరువు తక్కువ కాబట్టి ఉప్పునీటి మీద మూత వేసినట్టు పరుచుకుంటాయి. పైగాలి లోతుకు దిగదు. పైన పెరిగిన నాచు చచ్చి కిందికి రాలుతుంది. దాన్ని కుళ్లబెట్టే బ్యాక్టీరియా ఉన్న కాస్త ఆక్సిజన్‌ను వాడేస్తుంది. అందుకే సుమారు వంద మీటర్లు దాటాక ఆక్సిజన్ దాదాపు లేని నీటి పొర ఒకటి వందల మీటర్ల మందాన ఉంది. మన వలల్లో పడే చేపలు అక్కడ బతకలేవు.

2016 డిసెంబరులో డెన్మార్క్, జర్మనీ శాస్త్రవేత్తలు, గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు కలిసి ఆ పొర గురించి ఒక సంగతి బయటపెట్టారు. అక్కడ ఆక్సిజన్ పూర్తిగా అయిపోలేదు. మామూలు పరికరాలకు దొరకనంత జాడ మిగిలింది. నైట్రేటును నత్రజని వాయువుగా మార్చి గాలిలోకి పంపేసే బ్యాక్టీరియా అక్కడ కాచుకుని ఉన్నా, ఆ జాడ వాటి పనిని సాగనివ్వడం లేదు. అరేబియా సముద్రంలో ఆ అడ్డు లేదు, అక్కడ ఆ పని జోరుగా సాగుతోంది. మన దగ్గర కూడా ఆ జాడ పోతే సముద్రంలో పోషకాల లెక్క తలకిందులవుతుంది. అది పోవడానికి రెండు దారులున్నాయి. ఒకటి వేడి. బొగ్గు, పెట్రోలు కాల్చగా భూమి మీద పోగైన అదనపు వేడిలో 90 శాతానికి పైగా సముద్రమే మింగింది, వేడి నీటిలో ఆక్సిజన్ తక్కువగా కరుగుతుంది. రెండోది తీరం నుంచి దిగే నత్రజని. మనం చల్లిన దానిలో పైరుకు అందేది సగంలోపేనని మీకు నేను చెప్పాల్సిన పనిలేదు. మిగిలిన దానిలో కొంత నైట్రస్ ఆక్సైడ్‌గా గాలిలోకి పోతుంది. దాని వేడెక్కించే శక్తి వందేళ్ల లెక్కన బొగ్గుపులుసు వాయువుకు సుమారు 270 రెట్లు. అంటే ఒక్క యూరియా కట్ట రెండు దారుల్లోనూ నడుస్తుంది.

2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. పూత మీదా కాత మీదా ఉన్న మిరప, తీతకు వచ్చిన పత్తి నీళ్లలో నిలబడ్డాయి. అలాంటప్పుడు వ్యవసాయ శాఖ ఇచ్చే సలహా మీకు కంఠతా వచ్చు: నీళ్లు తీసేయండి, పైపాటుగా యూరియా వేయండి, పదమూడు సున్నా నలభై ఐదు (పొటాషియం నైట్రేటు) పిచికారీ చేయండి. పైరు కోణంలో ఆ సలహాను తప్పుపట్టను. అయితే తీసేసిన నీళ్లతోపాటు అంతకుముందు వేసిన ఎరువు వాగులోకి పోయింది, తర్వాతి వానకు పైపాటులో కొంత దాని వెనకే పోతుంది. వేడెక్కిన సముద్రం తుపానుకు బలమిస్తుంది, తుపాను చేలోని నత్రజనిని తెచ్చి ఆ సముద్రంలోనే పోస్తుంది. నష్టపోయిన రైతును పట్టుకుని సముద్రం సంగతి ఆలోచించమనడం అన్యాయం. అది ఆలోచించడానికి జీతం తీసుకునే వాళ్లు వేరే ఉన్నారు.

మందుల సంగతి ఇంకా సూటిగా చెబుతాను. 1980ల నడుమ గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తిలో పైరిత్రాయిడ్లు ఎడాపెడా కొట్టి తెల్లదోమను నెత్తికి తెచ్చుకున్నాం. 1987-88 నాటికి అది రైతుల చావుల దాకా వెళ్లింది. 2021-22లో మిరప పూతలో నల్ల తామర పురుగు చేరింది. పొద్దున్నే గట్టు మీద డ్రమ్ము పెట్టి, రెండు మూడు డబ్బాలు కలిపి కర్రతో తిప్పి, తైవాన్ స్ప్రేయరు భుజానికెత్తుకున్న వాళ్లను ఈ హాల్లో సగం మంది చూసే ఉంటారు. పని అయ్యాక డ్రమ్ము కడిగిన నీళ్లు ఎక్కడ పోస్తారు? పక్క బోదెలో. అది కలిసేది వాగులో.

పురుగు, రొయ్య, పీత మూడూ ఒకే పెద్ద వంశంలో పుట్టినవి. తామర పురుగు నరాల కోసం చేసిన ఫిప్రోనిల్‌కు రొయ్య నరం వేరని తెలియదు. పైరిత్రాయిడ్లయితే చేపను కూడా వదలవు. నిజాంపట్నం నుంచి ఒంగోలు దాకా తీరం పొడవునా రొయ్యల చెరువులున్నాయి. రొయ్య పిల్లలు చనిపోతే వైరస్ అంటారు, సీడు బాగోలేదంటారు. చాలాసార్లు అదే నిజం కావచ్చు. చెరువులోకి తోడిన నీళ్లలో ఏముందో కూడా ఒకసారి చూడాలంటాను.

ఇక ఆమ్లం. మనం వదిలే బొగ్గుపులుసు వాయువులో పావు వంతు దాకా సముద్రం పీల్చుకుంటోంది. యంత్రాల యుగానికి ముందు 8.2 దగ్గరున్న పై నీటి పీహెచ్ ఇప్పుడు 8.1 కి దిగింది. చూడటానికి దశాంశమే, ఆమ్లత్వంలో సుమారు 30 శాతం పెరుగుదల. ఆల్చిప్ప పిల్ల గుల్ల కట్టుకోవాలంటే ఎక్కువ శ్రమపడాలి. జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ విశాఖ కేంద్రం శాస్త్రవేత్తలు 2015లో ఇంకో మాట చేర్చారు: బంగాళాఖాతం వాయవ్య తీరంలో పీహెచ్ తగ్గడంలో భూమి మీదినుంచి వెళ్లి పడే గంధక, నత్రజని ధూళి పాత్ర కూడా ఉందని. ఆ ధూళికి పొగ గొట్టాలు ఎంత కారణమైనా, పత్తి కట్టెకు అగ్గిపుల్ల గీసే మన అలవాటు కూడా గుర్తుకు రావాలి.

తాబేళ్ల గురించి చెప్పకపోతే బాపట్ల వాళ్లు ఊరుకోరు. సూర్యలంకలో అటవీ శాఖ వాళ్లు ఆలివ్ రిడ్లే గుడ్లను ఏరి తెచ్చి పొదిగిస్తారు. ఇసుక ఎంత వేడిగా ఉంటే అంత ఎక్కువగా ఆడ పిల్లలు పుడతాయి, కాబట్టి ఎండలు ముదిరితే మగవాటి కరువు వస్తుంది. ఒడ్డుకు కొట్టుకొచ్చే పెద్ద తాబేళ్ల చావుకు మాత్రం ప్లాస్టిక్‌ను తిట్టి చేతులు దులుపుకోవద్దు. ఎక్కువగా ట్రాలరు వలల్లో చిక్కి ఊపిరాడక చస్తున్నాయి. అవి గుడ్లు పెట్టడానికి వచ్చేది జనవరి నుంచి మార్చి దాకా, వేట నిషేధం మొదలయ్యేది ఏప్రిల్ 15న.

ఉపకులపతి గారు వేదిక మీదే ఉన్నారు కాబట్టి ఒకటి అడుగుతాను. చివరి సంవత్సరం పిల్లల్ని రావెప్ (గ్రామీణ వ్యవసాయ పని అనుభవ కార్యక్రమం) పేరుతో పల్లెల్లో ఉంచుతున్నారు. మట్టి నమూనా తీయడం వాళ్లకు బాగా వచ్చు. నల్లమడ సముద్రంలో పడే చోట, గుండ్లకమ్మ మొగ దగ్గర నెలకోసారి నాలుగు సీసాల నీళ్లు కూడా పట్టించండి. నైట్రేటు, పురుగుమందుల అవశేషాలు, పీహెచ్ చూసి, ఆ అంకెలను పైన వాగు వెంబడి ఊళ్లలో రైతు సేవా కేంద్రం బోర్డు మీద మిరప ధర పక్కనే రాయించండి. మొదటి ఏడాది పరీక్షలకు కావలసిన రసాయనాల ఖర్చు నేను పెట్టుకుంటాను.