బొగ్గు జిల్లా నుంచి మిరప చేలకు



పేదరికం గురించి మాట్లాడమన్నారు. దేశం లెక్కలు వల్లించి వెళ్లిపోవడం నాకిష్టం లేదు. మన తెలుగువాళ్లం కూర్చున్న ఈ చంద్రపూర్ గురించే మాట్లాడతాను. ఇక్కడి థర్మల్ కేంద్రం సామర్థ్యం 2,920 మెగావాట్లు. కాళ్ల కింద బొగ్గు, చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు, బల్లార్‌పూర్‌లో కాగితం మిల్లు. అయినా సంక్రాంతి వెళ్లాక మూల్, సావలి, గోండ్‌పిప్రి తాలూకాల నుంచి కుటుంబాలకు కుటుంబాలే మూటలు సర్దుకుని ఖమ్మం, వరంగల్ మిరప చేలకు బయలుదేరతాయి.

ఆ తాలూకాల్లో చాలా పొలాల్లో వానాకాలపు వరి ఒక్కటే పంట. కోతలయ్యాక మళ్లీ తొలకరి దాకా చేతికి పనుండదు. గనిలో కొలువు అందరికీ అందేది కాదు. అడవిలో ఇప్పపువ్వో, తునికాకో ఏరుకుందామంటే తాడోబా అభయారణ్యం చుట్టుపక్కల పులి భయం. ఏటా ప్రాణాలు పోతున్నాయి. అడిగినవాడికి పని ఇస్తామని 1977లోనే చట్టం చేసిన రాష్ట్రం మన మహారాష్ట్ర. 2005 నాటి జాతీయ ఉపాధి హామీ చట్టానికి దారి చూపింది అదే. కానీ కూలి డబ్బు ఆలస్యమైతే పొయ్యి ఆగదు కదా.

మిరప చేలో కిలోకి ఇంత అని కూలి. పొద్దున్నే సాలులో వంగితే సాయంత్రం తూకం దాకా నడుము ఎత్తే వీలుండదు. పండుకాయ ఏరి తెంపాలి, తాలు వేరు చేయాలి. వేళ్లు మండుతాయి. ఆ చేత్తో చంటిబిడ్డ ముఖం తుడవడానికి తల్లి జంకుతుంది. అందుకే పదేళ్ల పెద్దపిల్ల చెల్లెల్ని చంకనేసుకుని గట్టు మీద కూర్చుంటుంది. ఊళ్లో బడి నడిచే రోజులూ, వార్షిక పరీక్షల రోజులూ అవే. పేదరికం సమాజానికి చేసే అసలు నష్టం నాకు ఇక్కడే కనిపిస్తుంది: ఈ ఏటి తిండి కోసం ఆ పిల్ల రాబోయే బతుకంతా తాకట్టు పడుతోంది.

అలాగని కూలి ఇచ్చే రైతును తిట్టి ఊరుకోలేం. 2017 ఏప్రిల్‌లో మిర్చి ధర పడిపోయి ఖమ్మం మార్కెట్ యార్డులో రైతులు తిరగబడ్డారు. కేసుల్లో ఇరుక్కున్న కొందరికి బేడీలు వేసి కోర్టుకు తెచ్చారు. అప్పులో మునిగినవాడు కూలి దగ్గరే చెయ్యి బిగిస్తాడు. లేమి లేమినే పిండుతుంది.

2020 లాక్‌డౌన్‌లో ఈ కూలీలు తెలంగాణ పల్లెల్లో చిక్కుకుపోయారు. అక్కడి ప్రభుత్వం వలస కూలీకి మనిషికి 12 కిలోల బియ్యం, 500 రూపాయలు ప్రకటించింది. మంచి పనే. కానీ అప్పుడు అమల్లో ఉన్న 1979 నాటి అంతర్రాష్ట్ర వలస కూలీల చట్టం కాంట్రాక్టరు తెచ్చుకున్నవాళ్లనే లెక్కలోకి తీసుకుంది. బంధువుల వెంట వచ్చినవాళ్లకు అందులో చోటు లేదు.

మరాఠ్వాడా నుంచి చెరకు కోతకు వెళ్లేవారి పిల్లల కోసం అక్కడ హంగామీ, అంటే వలస కాలంలో మాత్రమే నడిచే, వసతిగృహాలు నడుపుతారు. తల్లిదండ్రులు వలస వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకుంటారు. మూల్‌లో, సావలిలో, గోండ్‌పిప్రిలో వలస వెళ్లే ప్రతి ఊళ్లోనూ అవి కావాలని జిల్లా పరిషత్తును అడుగుదాం. అలాగే, తూకం చీటీ రాసివ్వమని ఖమ్మం రైతును తెలుగులో అడగగలిగినవాళ్లమూ, ఆ చీటీ చదివి కూలీకి మరాఠీలో చెప్పగలిగినవాళ్లమూ మనమే. డిసెంబరులోగా, వాళ్లు బండెక్కకముందే, ఊరూరా ఆ కుటుంబాల పేర్లు రాయడం మొదలుపెట్టండి.