రోగి సేవ, నర్సు ఉద్యోగం: కోలారు బంగారు గనుల సీమలో నర్సింగ్ పరిశోధన

(స్మారకోపన్యాసం)

1. పరిధి

నర్సింగ్ పరిశోధనకు రెండు ముఖ్య విషయాలున్నాయి. మొదటిది రోగికి అందే సేవ. మంచం పట్టిన మనిషికి పుండ్లు పడకుండా చూడడం, ఊపిరాడనివాణ్ణి ఎలా కూర్చోబెట్టాలో తెలుసుకోవడం, వేళకు మందు అందించడం, ఇంటికి పంపేటప్పుడు ఏ జాగ్రత్తలు చెప్పాలో తేల్చడం దీని కిందికి వస్తాయి. రెండోది ఆ సేవ చేసే మనిషి ఉద్యోగ జీవితం. ఒక్కో షిఫ్టులో ఒక నర్సు చేతికింద ఎందరు రోగులు, నెలకు ఎన్ని రాత్రి డ్యూటీలు, జీతమెంత, ఉద్యోగం పర్మినెంటా కాంట్రాక్టా, ఎన్నేళ్లకు వృత్తి వదిలేస్తున్నారు అన్నవి దీనిలోని ప్రశ్నలు.

చాలాకాలం ఈ రెంటినీ విడివిడిగా చూశారు. మొదటిదాన్ని వైద్యంలో భాగమనీ, రెండోదాన్ని సిబ్బంది వ్యవహారమనీ అనుకున్నారు. గత పాతికేళ్ల పరిశోధన ఈ రెంటికీ ఉన్న ముడిని లెక్కలతో చూపించింది. నర్సు మీద మోయలేని భారం పడితే దాని ఫలితం అనుభవించేది రోగి. ఈ ముడిని పరిశీలించడానికి కోలారు జిల్లా ఎంతో తగిన చోటు. గని ధూళి మిగిల్చిన ఊపిరితిత్తుల జబ్బులు, గనులతోపాటు మూతపడిన కంపెనీ ఆసుపత్రి, బోధనాసుపత్రి, నూరేళ్లు దాటిన మిషన్ ఆసుపత్రి, నర్సులను తనవైపు లాక్కునే బెంగళూరు, అన్నీ ఇక్కడ దగ్గర దగ్గరగానే ఉన్నాయి.

2. లెక్కతో మొదలైన శాస్త్రం

నర్సింగ్‌లో పరిశోధన ఫ్లోరెన్స్ నైటింగేల్‌తో మొదలైంది. క్రిమియా యుద్ధంలో బ్రిటిష్ సైనికుల మరణాలను ఆమె నెలవారీగా పట్టికలు వేసి, గణాంకవేత్త విలియం ఫార్ సాయంతో విశ్లేషించి, 1858లో చిత్రపటాలుగా ముద్రించింది. గాయాలకన్నా నివారించదగిన రోగాలవల్లే ఎక్కువమంది సైనికులు చనిపోయారని ఆ పటాలు చూపించాయి. భారతదేశంలోని సైన్యం ఆరోగ్య పరిస్థితులపై 1859లో ఏర్పడిన రాయల్ కమిషన్‌కు కూడా ఆమె ఇలాగే పనిచేసింది. ఎన్నడూ ఈ దేశంలో అడుగుపెట్టకపోయినా, ఇక్కడి కంటోన్మెంట్ల నుంచి సమాచారం తెప్పించుకుని నీరు, మురుగు, కిక్కిరిసిన బారకుల గురించి రాసింది.

మంచం పక్కన చేసే పనిని పరీక్షకు పెట్టినవారిలో డోరీన్ నార్టన్ పేరు ముందు చెప్పాలి. ఇంగ్లండులో వృద్ధ రోగుల మీద ఆమె, సహచరులు చేసిన అధ్యయనం 1962లో వెలువడింది. అప్పటిదాకా పడకపుండ్లకు రకరకాల లేపనాలు, మర్దనలు వాడుకలో ఉండేవి. వాటికన్నా రోగిని వేళ తప్పకుండా ఒక పక్కనుంచి మరో పక్కకు ఒత్తిగిలించడమే మేలని ఆ అధ్యయనం తేల్చింది. ఒంటి స్థితి, మనసు స్థితి, నడక, కదలిక, మలమూత్రాల మీద అదుపు అనే ఐదింటికి మార్కులు వేసి, ఎవరికి పుండు పడే ప్రమాదముందో ముందే గుర్తించే కొలమానాన్నీ అది ఇచ్చింది. ఖరీదైన యంత్రం లేకుండా, రోజూ చేసే పనినే ప్రశ్నగా మార్చి జవాబు రాబట్టిన పరిశోధన ఇది.

3. గని, ధూళి, ఊపిరి

కోలారు గనుల్లో ఆధునిక తవ్వకం 1880లో జాన్ టేలర్ అండ్ సన్స్ కంపెనీతో ఊపందుకుంది. చిత్తూరు వైపునుంచి తెలుగువారు, ఉత్తర ఆర్కాటు నుంచి తమిళులు పెద్దసంఖ్యలో వచ్చి మారికుప్పం, చాంపియన్ రీఫ్, ఊరుగాంలలోని కార్మిక నివాసాల వరుసల్లో (లైన్లలో) కాపురాలు పెట్టారు. చాంపియన్ రీఫ్ గని భూమిలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగింది. స్ఫటిక శిలను తొలిచినప్పుడు లేచే సన్నని సిలికా ధూళి ఊపిరితిత్తుల్లో చేరి మచ్చలు కడుతుంది. అదే సిలికోసిస్. మైసూరు సంస్థానం 1940లోనే సిలికోసిస్ నిబంధనలు తెచ్చింది. 1947లో కోలారు గనుల నుంచి వచ్చిన నివేదికను భారతదేశంలో ఈ జబ్బు గురించిన తొలి నివేదికగా వైద్య సాహిత్యం పేర్కొంటుంది.

ఈ జబ్బును నయం చేసే మందు లేదు. సాధారణంగా ధూళి పీల్చడం మొదలైన పది, ఇరవై ఏళ్లకు బయటపడుతుంది. పని మానేసినా ముదురుతూనే ఉంటుంది. క్షయ సోకే ముప్పును బాగా పెంచుతుంది. అందుకే 2001 ఫిబ్రవరి 28న ప్రభుత్వ సంస్థ భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన ఈ గనులు మూతపడినా జబ్బు ఆగలేదు. చాంపియన్ రీఫ్‌లోని కంపెనీ ఆసుపత్రి మూతపడడంతో కార్మికుల కేస్ షీట్లు, ఏటేటా జరిగే పరీక్షలు, రోగులను పేరుపెట్టి పిలిచే నర్సులు ఒక్కసారిగా దూరమయ్యారు. గాలి వీచే నెలల్లో, బంగారం తీశాక మిగిలిన వ్యర్థం పోగుపడిన సైనైడ్ దిబ్బల మీది సన్నని ధూళి ఇప్పటికీ ఇళ్లమీద పడుతుంది.

మందు లేని జబ్బులో నర్సు చేసే పనే చికిత్సలో పెద్ద భాగం. ఆయాసంతో ఉన్న సిలికోసిస్ రోగి వెల్లకిలా పడుకోలేడు. మంచం తలవైపు ఎత్తి, ఎదురుగా బల్లమీద దిండు వేసి, దానిమీద మోచేతులు ఆనించి ముందుకు వంగి కూర్చోబెడితే ఊపిరి కాస్త తేలికవుతుంది. పెదాలు దగ్గరగా ఉంచి, వేడి టీ ఊదుకున్నట్టు నెమ్మదిగా ఊపిరి వదలడం నేర్పాలి. నాలుగు ముద్దలకే అలసిపోతాడు గనుక కొద్దికొద్దిగా, ఎక్కువసార్లు తినిపించాలి. స్నానానికీ బట్టలు మార్చడానికీ మధ్య విరామం ఇవ్వాలి. దీర్ఘకాల శ్వాసవ్యాధి ఉన్న కొందరికి ఆక్సిజన్ ఎక్కువైనా హానే. కాబట్టి డాక్టరు చెప్పిన మోతాదు దాటకుండా, వేలికి పెట్టిన ఆక్సీమీటరు చూసుకుంటూ ఇవ్వాలి. వీటిలో ప్రతి పనికీ సమయం పడుతుంది. ఆ సమయం నర్సుకు ఉందా లేదా అన్నదాన్ని బట్టే సేవ సాగుతుంది.

4. వార్డునుంచి ఇంటికి

కోలారు జిల్లా సరిహద్దు దాటితే మదనపల్లె. దాని పక్కన ఆరోగ్యవరంలో 1915లో మిషన్ సంస్థలు కలిసి క్షయ శానటోరియం తెరిచాయి. నెలల తరబడి విశ్రాంతి, మంచి తిండి, కొండగాలి, నర్సుల పర్యవేక్షణ అప్పటి చికిత్స. మందులు వచ్చాక మద్రాసు క్షయ చికిత్సా కేంద్రం ఒక ప్రశ్న వేసుకుంది. అవే మందులు ఇరుకైన పేద ఇళ్లలో ఉండి వాడితే శానటోరియంలో ఉన్నంత ఫలితం వస్తుందా? ఆ పరీక్ష ఫలితాలు 1959లో వెలువడ్డాయి. ఇంట్లో చికిత్స దాదాపు అంతే ఫలితం ఇచ్చింది.

అయితే ఇంటి చికిత్స దానంతటది సాగలేదు. హెల్త్ విజిటర్లు చెప్పకుండా ఇళ్లకు వెళ్లి మాత్రలు లెక్కపెట్టారు. మూత్రపరీక్షతో మందు వేసుకున్నదీ లేనిదీ చూశారు. ఇంటివాళ్లకు నచ్చజెప్పారు. రోగి ఎక్కడ ఉంటే సేవ అక్కడికి వెళ్లాలన్న సూత్రం ఈ పనివల్లే నిలబడింది. ఆసుపత్రి దూరమైన పాత గని లైన్లకు ఈ సూత్రం నేరుగా వర్తిస్తుంది.

5. జిల్లాలో ఆసుపత్రులు, నర్సింగ్ చదువు

కోలారు పట్టణంలో మెథడిస్టు మిషన్ 1910లో స్థాపించిన ఎలెన్ థోబర్న్ కోవెన్ స్మారకాసుపత్రి జిల్లాలో పాతది. జిల్లా కేంద్రంలో శ్రీ నరసింహరాజ ప్రభుత్వ ఆసుపత్రి ఉంది. టమకలో 1986లో మొదలైన శ్రీ దేవరాజ్ అరసు వైద్య కళాశాల, దానికి అనుబంధమైన ఆర్.ఎల్. జాలప్ప ఆసుపత్రి ఉన్నాయి. ఆ విద్యాసంస్థకు 2007లో డీమ్డ్ విశ్వవిద్యాలయ హోదా వచ్చింది. టమకలో నర్సింగ్ కళాశాల కూడా ఉంది.

ఈ ఆసుపత్రులకు వచ్చేవారిది ఒకే భాష కాదు. ముళబాగిలు, శ్రీనివాసపురం పల్లెల్లో ఇంటిభాష చాలావరకు తెలుగు. బంగారు గనుల పట్టణమైన కేజీఎఫ్‌లో తమిళం ఎక్కువ. కేస్ షీట్లు ఇంగ్లీషులో, సర్కారు కాగితాలు కన్నడంలో ఉంటాయి. ఉర్దూ మాట్లాడే కుటుంబాలూ తక్కువేం కాదు. ఒకే వార్డులో నాలుగు భాషల్లో నొప్పి, ఆయాసం, మందు వేళ వివరించగలగడం ఇక్కడి నర్సు పనితనంలో భాగం. ఏ ఉద్యోగ వివరణలోనూ ఇది కనబడదు.

6. ఎందరు రోగులకు ఒక నర్సు

దేశ ఆరోగ్య సేవలను సమీక్షించిన భోర్ కమిటీ 1946లో నివేదిక ఇచ్చేనాటికి దేశం మొత్తానికీ సుమారు 7,000 మంది నర్సులున్నారు. అంటే 43,000 మందికి ఒకరు. ఆ తరవాత సంఖ్య ఎన్నో రెట్లు పెరిగినా, ఒక షిఫ్టులో ఒక నర్సు చేతికింద ఎందరు రోగులన్న ప్రశ్న తీరలేదు.

దీనిమీద పేరుపడ్డ అధ్యయనం లిండా ఐకెన్ బృందం అమెరికాలోని పెన్సిల్వేనియాలో చేసి 2002లో ప్రచురించింది. 168 ఆసుపత్రులు, 10,184 మంది నర్సులు, 2,32,342 మంది శస్త్రచికిత్స రోగుల వివరాలు అందులో ఉన్నాయి. నర్సుకు ఒక్కో రోగి అదనంగా చేరినకొద్దీ, 30 రోజుల్లోపు రోగి చనిపోయే అవకాశం 7 శాతం చొప్పున పెరిగింది. నర్సు పూర్తిగా డస్సిపోయే అవకాశం 23 శాతం పెరిగింది. ఐరోపాలోని తొమ్మిది దేశాల్లో చేసిన అధ్యయనం 2014లో ఇదే ధోరణిని చూపించింది.

వార్డుకు కావలసిన నర్సుల లెక్క కట్టేటప్పుడు తరచు ఒక పొరపాటు జరుగుతుంది: సెలవులను మరిచిపోయి, మూడు షిఫ్టులకు ముగ్గురు చాలనుకుంటారు. మంచం పక్కన ఒక స్థానం ఏడాది పొడుగునా ఖాళీ లేకుండా ఉండాలంటే, ఎనిమిది గంటల షిఫ్టులు మూడు చొప్పున 365 రోజులకు 1,095 డ్యూటీలు. వారపు సెలవులు 52, మిగతా సెలవులన్నీ కలిపి 40 అనుకుంటే ఒక నర్సు 273 రోజులు పనిచేస్తుంది. అంటే ఒక్క స్థానానికి నలుగురు కావాలి. ఆరుగురు రోగులకు ఒకరు చొప్పున 30 పడకల వార్డు నడవాలంటే, షిఫ్టుకు ఐదుగురు కాబట్టి మొత్తం 20 మంది. పది మందితో అదే వార్డు నడుస్తున్నదంటే ప్రతి షిఫ్టులోనూ సగం పని ఎవరికో ఒకరికి దాటిపోతున్నదన్నమాట.

ఆ దాటిపోయే పని ఏమిటో నర్సింగ్ పరిశోధకురాలు బియాట్రిస్ కాలిష్ 2006లో వివరించింది. రోగిని నడిపించడం, ఒత్తిగిలించడం, తినిపించడం, ఒళ్లు శుభ్రం చేయడం, జాగ్రత్తలు బోధించడం, ధైర్యం చెప్పడం వంటివి ముందుగా జారిపోతున్నాయి. సెలైన్, ఇంజెక్షన్ ఎలాగో జరుగుతాయి. మన వార్డుల్లో జారిపోయిన పని రోగి వెంట వచ్చిన భార్యో, కూతురో చేస్తారు. కూలి మానుకుని వచ్చినా ఆమె శ్రమ ఏ లెక్కలోనూ చేరదు.

7. జీతం, రాత్రి డ్యూటీ, వలస

ట్రెయిన్డ్ నర్సెస్ అసోసియేషన్ ఆఫ్ ఇండియా వేసిన కేసులో సుప్రీంకోర్టు 2016 జనవరి 29న ఆదేశించగా, కేంద్రం నిపుణుల కమిటీ వేసింది. 200 పడకలు దాటిన ప్రైవేటు ఆసుపత్రుల్లో సర్కారు నర్సుతో సమానంగా జీతం ఉండాలనీ, 50 పడకల లోపు ఆసుపత్రిలోనైనా నెలకు 20,000 రూపాయలకు తగ్గకూడదనీ కమిటీ సిఫారసు చేసింది. 1947 నాటి నర్సింగ్ కౌన్సిల్ చట్టం స్థానంలో 2023లో జాతీయ నర్సింగ్, మిడ్‌వైఫరీ కమిషన్ చట్టం వచ్చింది. చదువు ప్రమాణాలతోపాటు పని పరిస్థితులు కూడా పట్టించుకుంటేనే వీటివల్ల వార్డుకు మేలు.

గనులు మూతపడ్డాక కేజీఎఫ్ జనం వేలసంఖ్యలో పొద్దున్నే రైలెక్కి బెంగళూరు వెళ్లి రాత్రికి తిరిగొస్తున్నారు. ఈ దారి నర్సులకూ తెరిచే ఉంది. జిల్లాలో చదువుకున్న నర్సు ఎక్కడ కుదురుకుంటుంది, ఎందుకు వెళ్లిపోతుంది, ఏముంటే నిలుస్తుంది అన్నవి జిల్లా ఆరోగ్యానికి సూటిగా సంబంధించిన ప్రశ్నలు. జీతంతోపాటు హాస్టల్ గది, రాత్రి డ్యూటీకి వచ్చిపోయే దారిలో భద్రత, రోగి బంధువుల దౌర్జన్యం, పసిపిల్లలను చూసే చోటు కూడా జవాబులో ఉంటాయి.

8. పద్ధతి, చేయవలసిన పని

మన దేశపు నర్సింగ్ సిద్ధాంత వ్యాసాల్లో ఒక నమూనా ఎక్కువగా కనబడుతుంది. ఒక విషయం మీద ప్రశ్నపత్రం ఇచ్చి, పాఠం చెప్పి, మళ్లీ అదే ప్రశ్నపత్రం ఇచ్చి మార్కులు పెరిగాయని చూపడం. ఇది పరిశోధనకు మంచి శిక్షణే. కానీ మార్కులు పెరిగిన నర్సు చేతిలో రోగికి పుండ్లు తగ్గాయా, మళ్లీ అడ్మిట్ కావడం తగ్గిందా అన్నదాకా వెళ్లినప్పుడే అది సేవకు పనికొస్తుంది.

నర్సుల ఉద్యోగ జీవితం గురించి అడిగేటప్పుడు మరో జాగ్రత్త ఉంది. ప్రశ్నపత్రాలు హెడ్ నర్సు పంచి, హెడ్ నర్సే వసూలు చేస్తే నిజం రాదు. పేరు లేని కాగితం, మూసిన కవరు, వార్డు బయటి మనిషి అవసరం. రోగులను అడిగే ప్రశ్నలు జిల్లా వాడుక తెలుగు, కన్నడ, తమిళ, ఉర్దూల్లో ముందుగా కొద్దిమంది మీద పరీక్షించి సరిచేసుకోవాలి.

జిల్లాకు వెంటనే కావలసిన అధ్యయనాలు నాలుగు. పాత గని కార్మికుల ఇళ్లకు నర్సులు క్రమం తప్పకుండా వెళితే ఆయాసం ముదిరి ఆసుపత్రిలో చేరడం ఎంత తగ్గుతుంది? జిల్లాలో ఫ్లోరైడు ఉన్న నీరు తాగడంవల్ల కీళ్లు, ఎముకలు పట్టేసిన పెద్దలకు ఏ రకపు ఇంటి సేవ ఉపయోగం? మందు లేదన్న జవాబు విన్న కుటుంబాలకు చివరి రోజుల్లో నర్సు ఏం చేయగలదు? ఒకే ఆసుపత్రిలో షిఫ్టులవారీ నర్సుల సంఖ్యనూ, పడకపుండ్లు, పడిపోవడాలు, ఆలస్యమైన మందుల సంఖ్యనూ ఒకే రిజిస్టరులో పక్కపక్కన రాస్తే ఏం తేలుతుంది?

నాలుగోదానికి కొత్త నిధులు అక్కర్లేదు. డ్యూటీ రోస్టరు ప్రతి వార్డులోనూ ఉంది. కేస్ షీట్లూ ఉన్నాయి. రెంటినీ కలిపి చదివే అలవాటు నర్సింగ్ కళాశాలల్లోనూ, ఆసుపత్రి నిర్వాహకుల్లోనూ ఏర్పడాలి. రోగి కోలుకోవడాన్నీ, నర్సు ఉద్యోగంలో నిలవడాన్నీ ఒకే లెక్కగా చూడడం అప్పుడు రోజువారీ పనవుతుంది. జిల్లాలో నర్సుల నియామకాలు, జీతాలు, డ్యూటీ వేళలు నిర్ణయించేవారికి ఆ లెక్క ఆధారమవుతుంది.